కరెంటు పోతోంది, ఖనిజం నలగడం లేదు: బాల్ మిల్లు గురించి సలహా కావాలి

రాత్రిషిఫ్టు:

నమస్కారం. ఇనుప ఖనిజం శుద్ధి చేసే ప్లాంటులో గ్రైండింగ్ విభాగం నా చేతిలో ఉంది. నాలుగేళ్ళుగా ఒకే మిల్లు. దాని శబ్దం కాస్త మారినా ఆఫీసు గదిలో కూర్చునే పసిగట్టగలనని నాకు కొంచెం పొగరు ఉండేది. గడిచిన ఐదు నెలల్లో ఆ పొగరు బాగా దిగింది.

ముందు మిల్లు వివరాలు. ఓవర్‌ఫ్లో రకం బాల్ మిల్లు: లోపల ఉక్కు గుండ్లు దొర్లుతూ ఖనిజాన్ని నలిపే డ్రమ్ము, నలిగిన స్లర్రీ (నీళ్ళు కలిసిన ఖనిజం) దాని నోటి నుంచి పొంగి బయటికి వస్తుంది. లోపలి వ్యాసం 3.2 మీటర్లు, పొడవు 5 మీటర్లు, మోటారు 800 కిలోవాట్లు, నిమిషానికి 17.8 చుట్లు. మూడు హైడ్రోసైక్లోన్లతో క్లోజ్డ్ సర్క్యూట్: అవి స్లర్రీని సుడి తిప్పి సన్ననిదాన్ని పైనుంచి (ఓవర్‌ఫ్లో) ముందుకు, ముతకను కిందినుంచి (అండర్‌ఫ్లో) మళ్ళీ మిల్లుకు పంపుతాయి. ఖనిజం హెమటైట్ (ఇనుము ఉండేది ఇందులోనే), దానితోపాటు క్వార్ట్జ్ (మాకు అక్కర్లేని రాయి). సాంద్రత 4.2. మిల్లుకు వచ్చే ఖనిజంలో 80 శాతం 8 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. సైక్లోన్ ఓవర్‌ఫ్లోలో 80 శాతం 75 మైక్రాన్ల లోపు ఉండాలి.

ఐదు నెలల క్రితం గంటకు 56 టన్నులు నలిగేవి, మిల్లు 690 కిలోవాట్లు తీసుకునేది. ఇప్పుడు గంటకు 46 టన్నులు, 630 కిలోవాట్లు. కరెంటు తగ్గింది కదా అని సంతోషించడానికి లేదు. టన్నుకు లెక్క వేస్తే 12.3 యూనిట్ల నుంచి 13.7 యూనిట్లకు పెరిగింది. గుండ్ల ఖర్చు కూడా టన్నుకు పెరిగింది. సైక్లోన్ పంపు చివరి గీత దాకా తిరుగుతోంది, అయినా సంపు (పంపుకు ముందు స్లర్రీ చేరే తొట్టి) పొంగుతోంది. మిల్లు శబ్దం ఖణఖణలాడుతోంది. ఇదివరకు ఇంత పదునుగా ఉండేది కాదు.

ఖనిజం గట్టిపడిందేమోనని అందరం అనుకున్నాం. ల్యాబులో బాండ్ పరీక్ష చేయిస్తే వర్క్ ఇండెక్స్ (ఖనిజాన్ని నలపడం ఎంత కష్టమో చెప్పే అంకె) 11 వచ్చింది. నిరుడూ అంతే. మిల్లులో ఘన శాతం (స్లర్రీ బరువులో నీళ్ళు పోగా ఖనిజం వాటా) 75 దగ్గర ఉండాలని నియమం. ఆ విషయంలో మా ఆపరేటర్లు చాలా నిక్కచ్చి. గంట గంటకూ మార్సీ స్కేలుతో (స్లర్రీని తూచి ఘన శాతం చూపే డయల్ త్రాసు) చూసి రిజిస్టరులో రాస్తారు, ఎప్పుడూ 74 నుంచి 76 మధ్యే.

ఇప్పుడు మా పై అధికారి 80, 60 మిల్లీమీటర్ల గుండ్లు ఆపేసి 90 మిల్లీమీటర్లవి వేద్దామంటున్నారు. దెబ్బ గట్టిగా పడితే ఖనిజం దారికి వస్తుందని ఆయన వాదన. నాకు నమ్మకం లేదు, కానీ కాదనడానికి నా దగ్గర లెక్కా లేదు. ఈ స్థితిని చూసినవారు ఎవరైనా ఉన్నారా?


లెక్కలపిచ్చి:

టన్నుకు యూనిట్లు ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. మోటారుకు వేగం మార్చే డ్రైవ్ పెట్టించండి. సంపు మట్టం, సైక్లోన్ పీడనం, మిల్లు కిలోవాట్లు మూడింటినీ కంట్రోలర్‌కు అప్పగించండి. మనిషి చేతిలో వాల్వు ఉన్నంత కాలం ఇంతే. ఇంకా కుదిరితే మిల్లుకు ముందు హై ప్రెజర్ రోలర్లు పెట్టుకుంటే ఖనిజం పగుళ్ళతో మిల్లులోకి వస్తుంది, మిల్లు భారం తగ్గుతుంది. ఇనుప ఖనిజంలో ఆ యంత్రాలు చాలా చోట్ల నిరూపించుకున్నాయి.


పాతమిల్లు:

లెక్కలపిచ్చి గారు చెప్పిన రోలర్లు మంచివే. కానీ ఐదు నెలల క్రితం ఇదే మిల్లు, ఇదే మోటారు, ఇదే ఖనిజంతో 56 టన్నులు ఇచ్చింది. పోయిన పది టన్నులు ఎక్కడ పోయాయో వెతకకుండా కొత్త యంత్రం కొంటే, కొత్తదాని వెనక కూడా అదే లోపం దాక్కుంటుంది.

రాత్రిషిఫ్టు గారూ, ఖనిజాన్ని ఊరికే నిందించకుండా పరీక్షకు పంపినందుకు ముందుగా అభినందనలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మిల్లు పడిపోయిన ప్రతిసారీ ఖనిజం గట్టిపడిందని అనడం మా కాలం నుంచీ ఉన్నదే. నేను ఈ పనిలో ముప్పై ఏళ్ళు ఉన్నాను. అందులో ఒక మూడు నెలలు నేను కూడా ఖనిజాన్నే తిట్టాను. ఆ కథ కింద చెబుతాను, మీకు పనికొస్తుంది.

మొదట 1952లో ఫ్రెడ్ బాండ్ ఇచ్చిన సూత్రంతో మీ మిల్లును తూచి చూద్దాం. వర్క్ ఇండెక్స్ 11, లోపలికి 8000 మైక్రాన్లు, బయటికి 75 మైక్రాన్లు. ఒకటిని 75 వర్గమూలంతో భాగిస్తే 0.1155. ఒకటిని 8000 వర్గమూలంతో భాగిస్తే 0.0112. తేడాను పదితో, ఆపైన 11తో గుణిస్తే టన్నుకు దాదాపు 11.5 యూనిట్లు. మీకు అవుతున్నది 13.7. బాండ్ లెక్క మిల్లు ఇరుసు దగ్గరి శక్తికి, మీ మీటరు మోటారు దగ్గరి శక్తికి. కాబట్టి మధ్యలో పోయే కొద్ది శాతం వదిలేయండి. 12.3 అయినప్పుడు మీ మిల్లు మర్యాదగానే పని చేసింది. 13.7లో దొంగ ఉన్నాడు.

ఇప్పుడు గుండ్ల సంగతి. అదే బాండ్ గుండు పరిమాణానికి ఇచ్చిన సూత్రంలో మీ అంకెలు వేస్తే పెద్ద గుండు 70 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. 80 వేస్తున్నారు, అది చాలు. 90కి వెళితే ఒక్కో గుండు బరువు 40 శాతానికి పైగా పెరుగుతుంది, నిజమే. కానీ అదే టన్ను గుండ్ల ఒరిపిడి వైశాల్యం 11 శాతం తగ్గుతుంది. మీకు ఇబ్బంది 8 మిల్లీమీటర్ల రాయిని పగలగొట్టడంలో లేదు, చిన్న రేణువును 75 మైక్రాన్లకు దించడంలో ఉంది. అక్కడ పని చేసేది దెబ్బ కాదు, ఒరిపిడి. మీ అధికారికి ఈ రెండు అంకెలూ చూపించండి. వాదించవద్దు, కాగితం బల్ల మీద పెట్టి ఊరుకోండి.

అసలు సంగతికి వస్తాను. మీరు రాసినదాంట్లో నన్ను కుదిపినది టన్నులు కాదు. ఒకటి, ఖణఖణ శబ్దం. రెండు, సంపు పొంగడం. మూడు, రిజిస్టరులో ఎప్పుడూ 75 ఉండడం.

మిల్లు లోపల స్లర్రీ చిక్కగా ఉంటే గుండ్లకు పూతలా పట్టుకుంటుంది. అప్పుడు గుండు గుండును కొట్టినా మధ్యలో ఖనిజం ఉంటుంది. శబ్దం దబదబమని మూగగా వస్తుంది. పలచనైతే ఆ పూత జారిపోతుంది, ఉక్కు ఉక్కును కొడుతుంది. ఆ ఖణఖణ మీ గుండ్లూ లైనర్లూ (మిల్లు లోపలి గోడకు బిగించిన పలకలు) అరుగుతున్న శబ్దం. మీ చెవి స్లర్రీ పలచగా ఉందంటోంది, రిజిస్టరు 75 అంటోంది. ఇలాంటప్పుడు నేను చెవిని నమ్ముతాను.

ఇక నా కథ. ఒక ప్లాంటులో నాకు ఇలాగే ఘన శాతం రోజూ చక్కగా వచ్చేది, మిల్లు మాత్రం కూలబడింది. మార్సీ స్కేలు డయల్ మీద ఒక్క అంకెల వరుస ఉండదని మీకు తెలుసు. ఘన పదార్థం సాంద్రతను బట్టి ఒక్కో వలయం ఉంటుంది. తేలిక రాయికి ఒకటి, బరువు రాయికి ఒకటి. మా వాళ్ళు తప్పు వలయం చదువుతున్నారు. కొత్తగా చేరిన అబ్బాయి అడిగితే గానీ తెలియలేదు, అదీ మూడు నెలల తరువాత. కాబట్టి నా మొదటి ప్రశ్న: మీ ఆపరేటర్లు ఏ వలయం చదువుతున్నారు? వాళ్ళను అడగవద్దు. మిల్లు నుంచి వచ్చే స్లర్రీ ఒక లీటరు పట్టి తూచండి, ఆరబెట్టి మళ్ళీ తూచండి. దానికి వలయాలు లేవు.

ఇనుప ఖనిజంతో ఇంకో చిక్కు ఉంది. ఘన శాతాన్ని మనం బరువుతో చెప్పుకుంటాం, కానీ స్లర్రీ చిక్కదనం ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. 75 శాతం ఘనం ఉన్న ఉత్త క్వార్ట్జ్ స్లర్రీలో ఘనం పరిమాణంలో 53 శాతం. మీ 4.2 సాంద్రత ఖనిజంలో అదే 75కి దాదాపు 42 మాత్రమే. అంటే మరో ఖనిజం ప్లాంటులో పనిచేసి వచ్చినవారికి చిక్కగా అనిపించే అంకె, మీ మిల్లులో పలచనగానే ఉంటుంది. నేనైతే 77, 78 దాకా మెల్లగా వెళ్ళి చూస్తాను. 78 దగ్గర కూడా పరిమాణంలో 46 శాతమే. గోథైట్, బంకమట్టి ఎక్కువ ఉన్న ఖనిజమైతే ఈ మాట వెనక్కి తీసుకుంటాను. ఆ రకం స్లర్రీ ముందే జిగటగా ఉంటుంది, మిల్లు నోరు మూసుకుపోతుంది.

రెండో ప్రశ్న: సైక్లోన్ల కింది మూతి, స్పిగాట్, చివరిసారి ఎప్పుడు కొలిచారు? మార్చిన తేదీ అడగడం లేదు. కొలిచిన తేదీ. అరిగి వెడల్పయిన స్పిగాట్ అండర్‌ఫ్లోకి నీళ్ళు ఎక్కువ వదులుతుంది. సన్నని పొడి నీళ్ళతోపాటే పోతుంది. దానికి సైక్లోన్ తిప్పుడు పెద్దగా పట్టదు, నీళ్ళు ఎటు పోతే అటే. అంటే ఇప్పటికే నలిగిన పొడి మళ్ళీ మిల్లులోకి. దానికి తోడు ఇనుప ఖనిజానికి బరువు శాపం. క్వార్ట్జ్ నుంచి విడివడిన హెమటైట్ రేణువు సాంద్రత ఐదుకు పైన. అది సన్నగా ఉన్నా సైక్లోన్ దాన్ని ముతక అనుకుని కిందికి పంపుతుంది. ముతక క్వార్ట్జ్ తేలికగా పైకి జారుతుంది. చివరికి మీరు బాగా నలిగిన ఇనుమునే మళ్ళీ మళ్ళీ నలిపి జిడ్డుమట్టిలా చేస్తారు. పది మైక్రాన్ల లోపుకు పోయిన ఇనుమును తరువాతి విభాగంలో పట్టుకోవడం కష్టం, చాలావరకు వ్యర్థంలోకే. కరెంటు పోవడం ఒక నష్టం, ఇది రెండోది. ఈ రెండోదాని బిల్లు వేరే విభాగం పేరిట వస్తుంది కాబట్టి గ్రైండింగువాళ్ళకు కనిపించదు.

ఇది తేల్చడానికి సైక్లోన్ ఫీడు (సైక్లోన్‌లోకి వెళ్ళే స్లర్రీ), ఓవర్‌ఫ్లో, అండర్‌ఫ్లో మూడు చోట్లా శాంపిల్ తీయండి. మిల్లు రెండు గంటలు కదలకుండా నిలకడగా నడిచాక మొదలుపెట్టి, మరో రెండు గంటల్లో కనీసం ఎనిమిది సార్లు, ధార మొత్తాన్నీ అడ్డంగా కోస్తూ. ధార అంచున చెంబు పెట్టి పట్టినది శాంపిల్ కాదు. తడి జల్లెడతో 75 మైక్రాన్ల లోపు ఎంతో చూడండి. ఓవర్‌ఫ్లో శాతంలోంచి ఫీడు శాతం తీసేసి, ఫీడులోంచి అండర్‌ఫ్లో తీసేసిన అంకెతో భాగించండి. మిల్లుకు తిరిగి వచ్చే భారం కొత్త ఫీడుకు ఎన్ని రెట్లో తెలుస్తుంది. రెండున్నర రెట్లు సాధారణం. మీది అంతకంటే చాలా ఎక్కువ ఉంటుందని నా అనుమానం.

మూడో ప్రశ్న: మిల్లులో గుండ్లు ఎంత ఎత్తున ఉన్నాయి? ఇది మిల్లు ఆపి లోపలికి దిగి కొలవాలి. ఫీడు ఆపి పది నిమిషాలు నడిపి ఖనిజం బయటికి పోయాక ఆపండి. కరెంటు తీసి ఎవరి తాళం వారు వేసుకుని, మిల్లు దొర్లకుండా బ్రేకో దిమ్మో వేసి, లోపల గాలి పరీక్ష చేశాకే దిగాలి. తొందరలో వీటిలో ఏ ఒక్కటి దాటవేసినా ఆ కొలత నాకు చెప్పవద్దు. గుండ్ల మట్టం నుంచి పై లైనర్ దాకా ఎత్తు మూడు చోట్ల కొలిచి సగటు తీయండి. దాన్ని వ్యాసంతో భాగించి 126తో గుణించి 113లోంచి తీసేస్తే గుండ్లు నిండిన శాతం వస్తుంది. వ్యాసం డ్రాయింగులోది వేయవద్దు. లైనర్లు అరిగాక అసలు వ్యాసం పెరుగుతుంది, అదీ కొలవండి.

వేగం గురించి అడగలేదు కానీ, మీది క్రిటికల్ వేగంలో (గుండ్లు కింద పడకుండా గోడకు అంటుకుని తిరిగే వేగం) 74 శాతం. బాగుంది, దాని జోలికి పోవద్దు.


నల్లరాయి:

పాతమిల్లు గారు చెప్పిన బరువు శాపం మా మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) ప్లాంటులో కళ్ళారా చూశాం. అండర్‌ఫ్లోలో 38 మైక్రాన్ల లోపు పొడిని విడిగా పరీక్షిస్తే, ఓవర్‌ఫ్లోలోని అదే సైజు పొడి కంటే ఇనుము శాతం చాలా ఎక్కువ వచ్చింది. విడివడిన మాగ్నటైట్ అంతా తిరిగి మిల్లుకే పోతోంది. మేము చివరికి సైక్లోన్లు తీసేసి సన్న జల్లెడలు పెట్టుకున్నాం. జల్లెడకు బరువుతో పని లేదు, సైజు చూసి వదులుతుంది. మిల్లుకు తిరిగి వచ్చే భారం గణనీయంగా పడిపోయింది.

మాగ్నటైట్‌తో పనిచేసేవారికి మరో మాట. మాగ్నెటిక్ సెపరేటర్ దాటిన రేణువులు అయస్కాంతంలా ఒకదానికొకటి అంటుకుని గుత్తులవుతాయి. ఆ గుత్తిని సైక్లోన్ ముతక రాయి అనుకుంటుంది. సైక్లోన్‌కు ముందు ఆ అయస్కాంతత్వం తీసేసే కాయిల్ పెట్టాలి. మాది చాలా రోజులు కాలిపోయి ఉంది, ఎవరూ గమనించలేదు. రాత్రిషిఫ్టు గారిది హెమటైట్ కాబట్టి ఇది ఆయనకు వర్తించదనుకుంటాను.

జల్లెడల గురించి మాత్రం ఆలోచించండి, పాతమిల్లు గారు దాని ఊసెత్తలేదు.


పాతమిల్లు:

ఎత్తలేదు, కావాలనే. జల్లెడ మంచిదే, మీ ప్లాంటులో మార్పు నేను నమ్ముతాను. కానీ స్పిగాట్ కొలవని చోట జల్లెడ పెడితే చిరిగిన ప్యానెల్ కూడా కొలవరు. చిరిగిన జల్లెడ అరిగిన స్పిగాట్ కంటే ప్రమాదం, ముతకంతా నేరుగా ముందుకు పోతుంది. ముందు ఉన్నది సరిచేసుకుని, అప్పటికీ బరువు శాపం మిగిలితే జల్లెడ గురించి మాట్లాడుకుందాం. మీరు చెప్పిన 38 మైక్రాన్ల పరీక్ష మాత్రం ఆయన తప్పక చేయాలి. జల్లెడకు డబ్బు అడగాలంటే చేతిలో ఉండాల్సిన అంకె అదే.


రాత్రిషిఫ్టు:

తొమ్మిది రోజులు పట్టింది. ఒక్కొక్కటిగా రాస్తాను. కొన్ని రాయడానికి సిగ్గుగానే ఉంది.

లీటరు స్లర్రీ 2.0 కిలోలు తూగింది. ఆరబెడితే ఘనం 65.6 శాతం. అదే సమయంలో రిజిస్టరులో 75 అని ఉంది. స్కేలు తీసి చూశాను. మా వాళ్ళు చదువుతున్నది 3.0 సాంద్రత వలయం. ఆరు నెలల క్రితం పాత స్కేలు పాడైతే ప్లాంటులో మరో మూల నుంచి తెచ్చి పెట్టారు. పాతదాంట్లో మన వలయానికి ఎర్ర గీత ఉండేది, దీనిలో వేరే వలయానికి ఉంది. ఎర్ర గీత చదవాలని అందరికీ నేర్పినది నేనే. ఆపరేటర్లు నిక్కచ్చి అని రాశాను కదా, నిజంగానే నిక్కచ్చిగా గంట గంటకూ తప్పు చదివారు. చిక్కగా ఉందనుకుని నీళ్ళు పెంచుతూ పోయారు.

స్పిగాట్లు కొత్తవి 75 మిల్లీమీటర్లు. ఇప్పుడు 91, 88, 94. అండర్‌ఫ్లో గొడుగులా విచ్చుకుంటోందని రోజూ చూస్తూనే ఉన్నాను. విచ్చుకుంటే మంచిదని ఎప్పుడో ఎవరో చెప్పిన మాట బుర్రలో ఉండిపోయింది.

జల్లెడ ఫలితాలు: 75 మైక్రాన్ల లోపు ఓవర్‌ఫ్లోలో 80 శాతం, ఫీడులో 45, అండర్‌ఫ్లోలో 38. అంటే 35ని 7తో భాగిస్తే ఐదు రెట్లు! అండర్‌ఫ్లో ఘనం 66 శాతం, ఓవర్‌ఫ్లో 25. నేనే కూర్చుని లెక్క వేశాను: గంటకు 230 టన్నుల ఘనం వెనక్కి వస్తోంది, దానితో 118 టన్నుల నీళ్ళు. పైకి పోతున్న నీళ్ళు 138. సైక్లోన్‌కు వెళ్ళిన నీళ్ళలో 46 శాతం కిందికే దిగుతున్నాయి. దాదాపు సగం.

గుండ్ల ఎత్తు: సగటున 2.15 మీటర్లు. వ్యాసం కొలిస్తే 3.2 వచ్చింది. కొత్త లైనర్లతో డ్రాయింగులో 3.12 ఉంది, నేను మొదట రాసిన 3.2 కూడా పోయినసారి ఆగినప్పుడు కొలిచిందే. లెక్క వేస్తే 28.3 శాతం. మేము 34 అనుకుంటూ ఉన్నాం.

38 మైక్రాన్ల పరీక్ష: అండర్‌ఫ్లో పొడిలోనే ఇనుము ఎక్కువ. నల్లరాయి గారు చెప్పినట్టే.

ఇప్పుడు అన్నీ ఒకేసారి సరిచేయమంటున్నారు పైవాళ్ళు. గుండ్లు పది టన్నులు ఈ రాత్రే వేసేయమంటున్నారు. వేయనా?


పాతమిల్లు:

వేయవద్దు. మీ లెక్క సరైనదే. 34కి చేరాలంటే సుమారు 10.7 టన్నులు కావాలి. మిల్లు ఘనపరిమాణం 40 ఘనమీటర్లు, అందులో 5.7 శాతం, గుండ్ల గుట్ట ఘనమీటరుకు 4.65 టన్నులు. కానీ ఈ రాత్రి అన్నీ మారిస్తే రేపు టన్నులు పెరిగినా ఎందుకు పెరిగాయో మీకు తెలియదు. తగ్గితే అసలే తెలియదు.

మొదట నీళ్ళు. అది ఖర్చు లేనిది, ఇప్పుడే చేయగలిగేది. మీ అంకెలతోనే చూడండి: మిల్లులోకి మొత్తం 276 టన్నుల ఘనం పోతోంది, అండర్‌ఫ్లోతో 118 టన్నుల నీళ్ళు వస్తున్నాయి. మిల్లు నోటి దగ్గర మీరు కలిపే నీళ్ళు పూర్తిగా ఆపినా ఘనం 70 శాతం దాటదు. చిక్కదనం మీ వాల్వులో లేదు, స్పిగాట్లో ఉంది.

కాబట్టి రెండోది స్పిగాట్లు, మూడూ ఒకే ఆగుడులో. 75 పెట్టండి, అంతకంటే చిన్నవి వద్దు. మరీ బిగిస్తే అండర్‌ఫ్లో తాడులా దిగుతుంది, గొడుగు మూసుకుపోతుంది, ముతక ఓవర్‌ఫ్లోలోకి ఎగబాకుతుంది. మీకు కావలసింది సగం మూసిన గొడుగు. అండర్‌ఫ్లో ఘనం 76 నుంచి 78 దగ్గర నిలిచేలా చూడండి.

మూడోది గుండ్లు, రోజుకు ఒక టన్ను, కిలోవాట్లు చూస్తూ. మీ మిల్లులో టన్నుకు 6, 7 కిలోవాట్లు పెరగాలి. పెరుగుతూ ఉంటే సరైన వైపు ఉన్నారు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. గుండ్లు తక్కువైనా కిలోవాట్లు తగ్గుతాయి, మిల్లు నిండిపోయినా తగ్గుతాయి. మీటరు ఒక్కటే చూసి తగ్గింది కాబట్టి గుండ్లు వేద్దాం అనుకున్నవాడు నిండిన మిల్లులో ఇంకా పోస్తాడు. మీరు దిగి కొలిచారు కాబట్టి ఆ భయం లేదు.

ఐదు రెట్లు అన్న అంకెను మాత్రం గోడ మీద రాసుకోకండి. కింది అంకె ఏడే కదా, జల్లెడలో ఒక్క శాతం తేడా వస్తే అది నాలుగు రెట్లా ఆరు రెట్లా చెప్పలేం. మరో రెండు సైజుల దగ్గర కూడా అదే లెక్క వేసి సరిపోల్చుకోండి. చాలా ఎక్కువ అన్నది మాత్రం ఖాయం, నీళ్ళ లెక్క కూడా అదే చెబుతోంది.

ఎర్ర గీత గురించి సిగ్గుపడకండి. నాకు మూడు నెలలు పట్టిందని చెప్పానుగా.


లెక్కలపిచ్చి:

ఒప్పుకుంటున్నాను, తప్పు వలయం చదివే చోట నా కంట్రోలర్ ఆ తప్పునే ఇంకా వేగంగా చేసేది.


రాత్రిషిఫ్టు:

ఇరవై రెండు రోజుల తరువాత రాస్తున్నాను.

నీళ్ళు తగ్గించిన రోజున టన్నులు పెద్దగా పెరగలేదు, గంటకు ఒకటి. శబ్దం మాత్రం ఆ పూటే మారింది. స్పిగాట్లు మార్చిన మూడో రోజుకు 50 దాటింది. సంపు పొంగడం ఆగింది, పంపు వేగం తగ్గించాం. తరువాత ఐదు రోజులు రోజుకొక టన్ను చొప్పున గుండ్లు వేశాం. అవి 60 మిల్లీమీటర్లవే. 90వి కొనలేదు. మీరు చెప్పినట్టు కాగితం బల్ల మీద పెట్టి ఊరుకున్నాను. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు, మూడో రోజు ఆర్డరు కాగితం మీద నిలువు గీత కొట్టి పంపారు.

ఇప్పుడు గంటకు 53 టన్నులు, 665 కిలోవాట్లు, టన్నుకు 12.5 యూనిట్లు. మళ్ళీ జల్లెడ పట్టాం: ఓవర్‌ఫ్లో 81, ఫీడు 41, అండర్‌ఫ్లో 27. తిరిగి వచ్చే భారం 2.9 రెట్లు. మరో రెండు సైజుల దగ్గర 2.6, 3.1 వచ్చాయి, కాబట్టి మూడుకు కాస్త అటూ ఇటూ అనుకుంటున్నాను. అండర్‌ఫ్లో ఘనం 76.

పాత 56 ఇంకా రాలేదు. గుండ్లు మరో ఐదు టన్నులు పడాలి. లైనర్ల అలలు కూడా బాగా చదునయ్యాయి, గుండ్లను పైకి ఎత్తే పట్టు తగ్గి ఉంటుంది. వాటి మార్పు వచ్చే పెద్ద ఆగుడులో. అప్పటిదాకా 54, 55 దగ్గర ఆగుతామనుకుంటున్నాను.

స్పిగాట్ కొలవడానికి మా వడ్రంగి ఒక చెక్క శంకువు చేసి ఇచ్చాడు. మిల్లీమీటరు గీతలు గీసి, 82 దగ్గర లోతుగా కోత పెట్టాడు. సైక్లోన్ ఆగినప్పుడు కింది నుంచి దూర్చితే కోత దాకా మునిగిందంటే మార్చాలని. సోమవారం మొదటి షిఫ్టు పని అది. మార్సీ స్కేలు డయల్ మీద 4.2 వలయం ఒక్కటి వదిలి, మిగిలినవన్నీ నల్ల టేపుతో మూసేశాం.